ప్రవాస ఊళ్ల చరిత్ర – 7: పాత టూంగాబీ ఎక్కడుంది?

ఏ ఊళ్లోనైనా పదిమంది పెద్దవాళ్లు చేరితే మాట వీధుల మీదికి మళ్లుతుంది. ఫలానా మలుపులో ఒక కొట్టుండేది, ఇప్పుడు బ్యాంకున్న చోట అప్పట్లో తోట, ఆ పాత భవనం పడగొట్టాక బజారు కళే పోయింది అంటూ సాగుతుంది. బెజవాడలోనూ ఇంతే, వరంగల్లోనూ ఇంతే, సిడ్నీకి పడమట 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న టూంగాబీలోనూ ఇంతే. చరిత్ర రాసేవాళ్లకు ఈ ముచ్చట్లు ముడిసరుకు, వీటిని చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే వీటిలో ఒక మెలిక ఉంది. ప్రతి తరమూ తాను మొదట చూసిన ఊరినే పాత ఊరు అనుకుంటుంది. దానికి ముందున్నది కంటికి కనబడదు, తర్వాత వచ్చింది మనసుకు నచ్చదు. అందువల్ల జ్ఞాపకాలను ఎంత ప్రేమగా పోగేసినా, వాటికి ఏడాది, చోటు తగిలించి, ఒక తరం మాట పక్కన ఇంకో తరం మాట పెట్టి చూసేదాకా అవి చరిత్ర కావు. ఈ భాగంలో నేను చెప్పదలచింది ఇదే. దీన్ని తేల్చుకోవడానికి టూంగాబీని మించిన చోటు దొరకదు, ఎందుకంటే ఇక్కడ ఊరే ఒకచోటి నుంచి మరోచోటికి జరిగింది.

ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం మీద బ్రిటిష్‌వాళ్లు వేసిన మూడో స్థావరం ఇది. మొదటిది 1788లో సిడ్నీ, రెండోది అదే ఏడాది చివర్లో పారమట్టా, మూడోది 1791లో టూంగాబీ. ఆ ఏడు మూడో నౌకాదళం, అంటే ఖైదీల ఓడల మూడో గుంపు, ఖైదీలను దించింది. సగం ప్రాణాలతో ఒడ్డుకు చేరిన ఆ మనుషులతోనే గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ పారమట్టాకు వాయవ్యంగా అడవి నరికించి ప్రభుత్వ సేద్యం పెట్టించాడు. కాలనీకి తిండి లేదు, ఇంగ్లండు నుంచి సరుకు ఓడలు ఎప్పుడొస్తాయో తెలియదు, కాబట్టి మొక్కజొన్నో గోధుమో ఇక్కడే పండాలి. మొదట్లో ఈ చోటును కొత్త భూములు అని మాత్రమే పిలిచేవారు. తర్వాత ఆ నేల వాళ్లైన డారగ్ జనంలో టూగగాల్ తెగ పేరును బట్టి టూంగాబీ అన్నారు. నాగళ్లు లేవు, లాగడానికి ఎడ్లు లేవు. పార, గొడ్డలి, మనిషి భుజం, అంతే పనిముట్లు. ఆ దశాబ్దం ముగిసేలోగా అక్కడ గుడిసెల వరసలు, పశువుల దొడ్లు, 90 అడుగుల పొడవున తొమ్మిది జతల మనుషులు ఒకేసారి ధాన్యం నూర్చగలిగిన కొట్టం లేచాయి. అప్పటికే నేల సారం తగ్గుతూ వచ్చింది. 1801లో గవర్నర్ కింగ్ క్యాసిల్ హిల్ దగ్గర కొత్త సేద్యం మొదలుపెట్టాడు, 1803 నాటికి టూంగాబీ పొలాన్ని వదిలేశారు. పన్నెండేళ్ల ఊరు మళ్లీ గడ్డిలో కలిసింది.

ఇప్పుడు టూంగాబీ స్టేషన్లో రైలు దిగి ఆ ఖైదీల ఊరు ఎక్కడని వెతికితే కాళ్లు నొప్పి పుడతాయి తప్ప ఏమీ కనబడదు. అది ఇక్కడ లేదు. సిడ్నీ నుంచి పడమటికి వెళ్లే రైలుమార్గం 1860లో పారమట్టా దాటి బ్లాక్‌టౌన్ చేరింది. టూంగాబీకి స్టేషన్ వచ్చింది 1880లో. స్టేషన్ ఎక్కడుంటే బజారు అక్కడ చేరుతుంది, బజారు చుట్టూ ఇళ్లు లేస్తాయి, ఇళ్లతో పాటు ఊరి పేరూ నడిచి వస్తుంది. పాత సేద్యం నడిచిన వాగు ఒడ్డుకు ఓల్డ్ టూంగాబీ అనే పేరు మిగిలింది. ఆ పాత స్థావరం ఆనవాళ్లున్న చోటైతే ఇప్పుడు విన్‌స్టన్ హిల్స్ అనే మరో పేటలో కలిసిపోయింది. గోలియత్ ఎవెన్యూ పక్కన ఓక్స్ రిజర్వు, పాలస్తీన్ పార్కు అని రెండు పచ్చిక మైదానాలు ఉన్నాయి. పిల్లలు ఆడుకునే ఆ గడ్డి కింద ఖైదీల గుడిసెల జాడలు ఉన్నాయని న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 2012లో ఆ స్థలాన్ని రాష్ట్ర వారసత్వ పట్టికలో చేర్చింది. పట్టికకెక్కింది భవనం కాదని గమనించాలి, ఖాళీ నేల. కళ్లతో చూసి గుర్తుపట్టగలిగింది ఒక్క గోడ కూడా లేదు. స్టేషన్ దగ్గర పుట్టి పెరిగిన మనిషి ఎనభై ఏళ్ల జ్ఞాపకాన్ని ఎంత నిజాయితీగా చెప్పినా, అందులో ఈ ఊరు ఉండే వీలే లేదు.

వీధి పేర్లను నమ్ముకుని చరిత్ర రాసేవాళ్లు ఈ పేటల్లో ఇంకా తికమకపడతారు. టూంగాబీలో ఆరీలియా వీధి, కార్నీలియా రోడ్డు, మెటెల్లా రోడ్డు, పోర్షియా రోడ్డు ఉన్నాయి. పటం మాత్రమే చూసిన వెయ్యేళ్ల తర్వాతి పండితుడెవరో రోమన్లు ఇక్కడికి వచ్చారని ఒక గ్రంథం రాసినా ఆశ్చర్యపడను. విన్‌స్టన్ హిల్స్‌కు వెళ్తే బైబిల్ పేర్లు ఎదురవుతాయి. ఈ పేర్లు అక్కడ బతికిన మనుషులవి కావు. పొలాన్ని ప్లాట్లుగా కోసి అమ్మినవాళ్లు పటం మీద ఒక్క వరసలో పెట్టుకున్న పేర్లు. అలాగని పనికిరావని కాదు, ఆ కాగితం ఏ కాలంలో గీశారో చెబుతాయి, ఎవరి నేల అన్నది మాత్రం చెప్పవు. పేరు కంటే దారి నమ్మదగిన సాక్షి. పారమట్టా నుంచి టూంగాబీకి 1791–92లో ఖైదీలు కొట్టిన బాట 1794లో హాక్స్‌బరీ నది దాకా సాగింది. ఇవాళ్టి ఓల్డ్ విండ్సర్ రోడ్డు చాలామటుకు ఆ వరస మీదే పోతుంది. దాని పక్కనే 2007లో బస్సుల కోసం ప్రత్యేక మార్గం వేశారు. రోజూ ఆ బస్సెక్కి ఆఫీసుకు పోయేవాళ్లు దేశంలోని అతి పాత దారుల్లో ఒకదాని వెంట ప్రయాణం చేస్తున్నారు. ఇళ్లు కూలతాయి, పేర్లు మారతాయి. దారిని కదపడం మాత్రం కష్టం, ఎందుకంటే దాని రెండు వైపులా ఉన్న ప్రతి హద్దురాయీ దాన్ని పట్టుకునే ఉంటుంది.

రైలుకు, ఇప్పటికి మధ్య ఇంకా రెండు పొరలున్నాయి. ఒకటి పండ్ల తోటలు, కోళ్ల ఫారాలు. రెండోది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పడమటి సిడ్నీ అంతటా లేచిన ఫైబ్రో ఇళ్లు. సిమెంటులో ఆస్బెస్టాస్ కలిపి ఒత్తిన పలకలతో, తక్కువ ఖర్చులో, తొందరగా కట్టిన ఇళ్లవి. పారమట్టా పక్కనే కమేలియాలో జేమ్స్ హార్డీ కార్ఖానా ఆ పలకలు తయారుచేసేది. పొరుగునున్న పెండిల్ హిల్‌లో జార్జ్ బాండ్ 1920ల్లో నూలు మిల్లు పెట్టాడు. బాండ్స్ బనియన్ల పేరు దేశమంతా మోగింది అక్కడి నుంచే. 2009లో యాజమాన్యం ఆస్ట్రేలియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక ఆ మిల్లు కూడా మూతపడింది. ఈ చుట్టుపక్కల ఇవాళ 70 దాటిన ఆస్ట్రేలియన్లు ‘మా పాత ఊరు’ అంటే వాళ్ల మనసులో మెదిలేవి ఇవే: వెనకదొడ్లో కోళ్లగూడు, మిల్లు కూత, పచ్చరంగు పూసిన ఫైబ్రో గోడ, ఈతకు దిగిన వాగు. వాళ్ల తాతల నాటి తోటలు అప్పటికే సగం పోయాయి, ఖైదీల పొలం పోయి నూటయాభై ఏళ్లయింది.

ఇంతవరకు చెప్పింది జ్ఞాపకానికి వ్యతిరేకంగా పెట్టిన వాదంలా ఉంటే, అది సగమే. రెండో సగం హెన్రీ హేల్ అనే ఖైదీ వాంగ్మూలంలో ఉంది. 1840ల్లో కరోలిన్ చిసమ్ అనే ఆవిడ న్యూ సౌత్ వేల్స్ పల్లెల్లో తిరిగి సామాన్యుల మాటలు వాళ్ల నోటి నుంచే రాసి తీసుకుంది. వలసవచ్చిన పేద ఆడవాళ్లకు ఆసరాగా నిలిచి చరిత్రకెక్కిన మనిషి ఆమె. ఆమెకు దొరికిన ముసలివాళ్లలో హేల్ ఒకడు. తాను మూడో నౌకాదళంలో అక్టోబరు 16న వచ్చానని, వెంటనే టూంగాబీకి తోలారని, తొమ్మిది నెలలపాటు రోజుకు గుప్పెడు పిండితో బతికానని చెప్పాడు. ఇరవై అయిదేసి మంది జట్టుగా, ఒక కర్రకు ఆరుగురు చొప్పున నిలబడి, కర్రను వెనక చేతులతో పట్టుకుని దుంగలు లాగేవారట. పిట్ అనే ఓడలో వచ్చిన డిక్సన్ అనే మాజీ సైనికుణ్ణి గురువారం ఆ పనికి పెడితే, శనివారం కాన్‌స్టిట్యూషన్ హిల్ వాలులో బరువు దించుతూ చచ్చిపోయాడట. అప్పటికి యాభై ఏళ్లు దాటిన సంగతి అది. చదువుకున్న చరిత్రకారుడు ఇలాంటివి వింటే ముందు కనుబొమ్మ ఎగరేస్తాడు.

ఎగరేయాల్సిందే, కాని తర్వాత ఓడల పట్టిక తీయాలి. మూడో నౌకాదళంలో అడ్మిరల్ బారింగ్టన్ అనే ఓడ సిడ్నీ చేరింది 1791 అక్టోబరు 16న. పిట్ వచ్చింది 1792 ఫిబ్రవరిలో. అంటే హేల్ టూంగాబీలో ఉన్నానంటున్న నెలల్లోనే. యాభై ఏళ్ల తర్వాత ముసలివాడు చెప్పిన తేదీ ఓడ తేదీతో సరిపోయింది, ఓడల వరస సరిపోయింది. ఇక చోటు మాటకొస్తే, కాన్‌స్టిట్యూషన్ హిల్ ఇవాళ ఓల్డ్ విండ్సర్ రోడ్డు పక్కన ఒక పేట, టూంగాబీకి పొరుగు. వాలు అక్కడే ఉంది. గుప్పెడు పిండి అన్న లెక్కను అప్పటి రేషన్ ఆదేశాలతో పోల్చి చూసుకోవాలి, ఆకలిగొన్నవాడి కొలత ఎప్పుడూ ఒకరవ్వ తక్కువే తూగుతుంది. అయితే పని ఎలా చేయించారు, కర్ర ఎలా పట్టుకున్నారు, ఏ వాలులో మనిషి పడిపోయాడు అన్న వివరాలు ప్రభుత్వ కాగితాల్లో వెతికినా దొరకవు. కాలనీ న్యాయాధికారి డేవిడ్ కాలిన్స్ రాసిన పెద్ద పుస్తకంలో టూంగాబీ గురించి ఎకరాలున్నాయి, పంటలున్నాయి, చావుల లెక్కా ఉంది. లాగే చేతులు ఎటువైపున్నాయో ఆయన చూడలేదు. చూసినా రాయదగ్గ సంగతి అనుకోలేదు. జ్ఞాపకం బలం ఇక్కడుంది: అది చోటును, ఒంటి పనిని, రోజు వారాన్ని పట్టుకుంటుంది. పరీక్షకు తట్టుకున్న జ్ఞాపకం కాగితానికి సాటి రావడమే కాదు, కాగితం చూడనిది చూపిస్తుంది.

అన్ని జ్ఞాపకాలూ ఇంత శుభ్రంగా పరీక్ష నెగ్గవు. 1800లో ఐరిష్ ఖైదీలు తిరగబడబోతున్నారన్న అనుమానంతో అధికారులు టూంగాబీలో కొరడా దెబ్బలు కొట్టించారు. ఆ దృశ్యాన్ని మనకు కట్టినట్టు చూపించేది జోసెఫ్ హోల్ట్ ఆత్మకథ. 1798 ఐర్లండ్ తిరుగుబాటు నాయకుల్లో హోల్ట్ ఒకడు, 1800లో మినర్వా ఓడలో ఇక్కడికి వచ్చాడు. ఎడమచేతి వాటం వాడొకడు, కుడిచేతి వాటం వాడొకడు చెరోవైపు నిలబడి, చెట్టుకు కట్టేసిన మనిషిని లయ తప్పకుండా కొట్టడం, గాలివాటున రక్తం తుంపర్లు చూసేవాళ్ల మీద పడటం అతను వర్ణించాడు. చదివినవాళ్లు మరిచిపోలేరు. అయితే అతను ఐర్లండ్ తిరిగి వెళ్లి ఎన్నో ఏళ్ల తర్వాత రాసుకున్న ప్రతి అది. అతను 1826లో పోయాక, 1838లో క్రాఫ్టన్ క్రోకర్ అనే సంపాదకుడు దాన్ని దిద్ది లండన్లో అచ్చు వేయించాడు. హోల్ట్‌కు తన్ను తాను పెద్దగా చూపించుకునే అలవాటు ఉంది, క్రోకర్‌కు చెయ్యి పెట్టే అలవాటు ఉంది. కొరడాలు కొట్టించిన మాట అధికారుల కాగితాల్లోనూ ఉంది కాబట్టి సంఘటన నిజం. ఏ మాట ఎవరి నోట వచ్చిందన్న సంభాషణల దగ్గర ఆచితూచి అడుగేయాలి. హేల్‌నూ హోల్ట్‌నూ ఒకే గాట కట్టి ఇద్దరినీ నమ్మేయడం తప్పు, ఇద్దరినీ కొట్టిపారేయడం అంతకన్నా పెద్ద తప్పు.

అసలు ఎవరూ పంచుకోని జ్ఞాపకాల మాటేమిటి? ఖైదీల సంతానమన్న మాట ఆస్ట్రేలియాలో చాలాకాలం మచ్చ. ఇంటి బైబిల్లో పేర్లు కొట్టేసుకున్నారు, ఓడల పేర్లు పిల్లలకు చెప్పలేదు. 1988లో రెండు వందల ఏళ్ల పండుగ నాటికి ఆ సిగ్గు తిరగబడి గర్వమైంది. తాత ఖైదీ అని తేలితే ఇప్పుడు సంబరం. నడుమ గడిచిన ఈ నూటయాభై ఏళ్ల మౌనం వల్లే టూంగాబీ స్మృతిలో ఆ పెద్ద గొయ్యి పడింది. ఆ ఊరు కాలం తినేసినందుకు పోయింది కొంత, మనుషులు నోరు నొక్కుకున్నందుకు పోయింది కొంత. డారగ్ జనానిది ఇంకో రకం మౌనం. 1797 మార్చిలో టూంగాబీ సేద్యం మీద వాళ్లు దాడి చేశారు. ఆయుధాలతో వెంటబడిన సైనికులకూ సెటిలర్లకూ పారమట్టా దగ్గర ఆ దాడి నాయకుడు పెముల్‌వాయ్ ఎదురు నిలిచాడు. ఏడు గుళ్లు తగిలి పట్టుబడి, ఆసుపత్రి నుంచి కాలి సంకెలతోనే తప్పించుకున్నాడు. 1802లో అతన్ని కాల్చి చంపారు. ఇదంతా మనకు కాలిన్స్ లాంటి ఎదుటి పక్షం రాతల్లోనే దొరుకుతుంది. టూంగాబీకి కొద్ది దూరంలో ఇప్పుడు పెముల్‌వాయ్ పేరుతో ఒక పేట ఉంది, పాత రాతిగని నేల మీద ఇటీవల కట్టిన ఇళ్లు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ముసలివాళ్లు పాత బజారు తలుచుకుని కాసేపు సంతోషపడితే దానికి ఓడల పట్టికలు, రేషన్ ఆదేశాలు తెచ్చి పరీక్షలు పెట్టడం దేనికి? ఆ ముచ్చట చేసే కీడేముంది? మామూలుగా ఏమీ లేదు, ఒక్క వాక్యం తప్ప. ‘మేం వచ్చినప్పుడు ఇక్కడ ఏమీ లేదు, అంతా ఖాళీ’ అన్న మాట ప్రతి తరం జ్ఞాపకాల్లోనూ వినబడుతుంది. 1791లో వచ్చినవాళ్లు అడవి తప్ప ఏమీ లేదన్నారు, డారగ్ జనం అందులోనే ఉన్నారు. 1880లో రైలుతో వచ్చినవాళ్లకు పాత పొలం కనబడలేదు. యుద్ధం తర్వాత ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఖాళీ మైదానాలన్నారు, అవి నిన్నటిదాకా తోటలు. 2000ల్లో వచ్చిన మనవాళ్లూ ఇదే అంటారు: మేం వచ్చినప్పుడు ఒక్క ఇండియన్ కొట్టు లేదు, అంతా ఖాళీ. నిజానికి ఆ ఖాళీలో ఇటాలియన్లున్నారు, మాల్టా వాళ్లున్నారు, లెబనాన్ వాళ్లున్నారు, శ్రీలంక తమిళులు ఉన్నారు. ఖాళీ అన్న మాట నేలను వర్ణించదు, చెప్పేవాడి చూపు ఎక్కడ ఆగిందో చెబుతుంది. ఆస్ట్రేలియా చట్టం ఈ ‘ఖాళీ నేల’ భావన మీద 200 ఏళ్లు నడిచింది. 1992లో మాబో తీర్పులో హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. కాబట్టి ఆ ముచ్చట పూర్తిగా అమాయకం కాదు.

జ్ఞాపకాలను పరీక్షకు పెట్టి రాసే పద్ధతి తెలుగువాళ్లకు కొత్తది కాదు. టూంగాబీలో దుంగలు లాగుతున్న ఆ దశాబ్దంలోనే మన నేల మీద ఊళ్ల జ్ఞాపకాలు కాగితమెక్కడం మొదలైంది. 1796లో ఏలూరు వైపు కుర్రాడు కావలి బొర్రయ్య, సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర కొలువులో చేరాడు. బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వాళ్లు తయారుచేసిన మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గరి కవిలెలు చూశారు, గుళ్లల్లో శాసనాలు నకలు తీశారు, పెద్దల్ని అడిగి ఊరి పుట్టుపూర్వోత్తరాలు రాశారు. అవే కైఫియతులు. ఊరి పేరు, హద్దులు, గుడి ఎవరు కట్టించారు, గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ పాదుషాలు, జమీందార్లు ఎవరి తర్వాత ఎవరు ఏలారు, ఇనాములు ఎవరివి అన్నవన్నీ వాటిలో ఉంటాయి. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే చనిపోయాడు, టూంగాబీ సేద్యం మూతపడ్డదీ ఆ ఏడే. మెకంజీ 1821లో పోయాక ఆ కాగితాలు చెల్లాచెదురు కాకుండా చూసినవాళ్లలో సి.పి. బ్రౌన్ ఒకడు. ఇవాళ గుంటూరు, కృష్ణా, కడప పల్లెల చరిత్ర రాసేవాళ్లెవరైనా ముందు తెరిచేది కైఫియతులే.

కైఫియతుల్లో కట్టుకథలు లేవా అని అడగవచ్చు. కుప్పలుగా ఉన్నాయి. ఏనుగు దండ వేస్తే రాజైనవాళ్లు, కలలో దేవుడు చెప్పిన చోట బయటపడిన విగ్రహాలు ప్రతి రెండో ఊళ్లో కనబడతాయి. పైగా ఆ పని జరిగింది కుంపినీ జీతం మీద, భూమి ఎవరిదో పన్ను ఎంతో తెలుసుకోవాలన్న అవసరం వెనకాలే ఉంది. ఇనాము నిలబెట్టుకోవాలనుకున్న కరణం తనకు అనుకూలంగా చెప్పి ఉండడా? చెప్పే ఉంటాడు. ఆ బలహీనతలన్నీ ఒప్పుకున్నాక కూడా కైఫియతు విలువ తగ్గదు, ఎందుకంటే అది నోటిమాటను, కవిలెను, రాతిశాసనాన్ని ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టింది. వాటిలో ఏ రెండు పొసగవో తర్వాతి కాలపు చదువరి పట్టుకోగలడు. హేల్ మాటను ఓడల పట్టిక పక్కన పెట్టి చూసినప్పుడు మనం చేసిన పనీ అదే. తప్పులున్న సాక్ష్యం సరిదిద్దుకోవచ్చు, సాక్ష్యమే లేకపోతే దిద్దడానికేముంది?

ఇక ఆఖరి అభ్యంతరం తెలుగువాళ్ల నుంచే వస్తుంది. టూంగాబీ మన ఊరు కాదు గదా, నిన్నమొన్న వచ్చాం, ఈ ఖైదీల సంగతీ ఫైబ్రో ఇళ్ల సంగతీ మనకెందుకు, రాస్తే తెనాలి వీధుల గురించో కరీంనగర్ వీధుల గురించో రాసుకుంటాం అంటారు. రాసుకోవాలి, రెండూ రాయాలి. బయటివాళ్లకు ఊరి చరిత్ర రాసే హక్కు లేదంటే కైఫియతులే ఉండవు. మెకంజీది స్కాట్లండ్ దీవి, కావలి సోదరులు తాము రాసిన ఊళ్లకు చాలావాటికి పరాయివాళ్లే. పోతే, ఈ నేలకూ మన దేశానికీ సంబంధం ఐటీ వీసాలతో మొదలైందనుకోవడమూ సరికాదు. 1791లో తిండికి కటకటలాడుతున్న కాలనీ అట్లాంటిక్ అనే ఓడను కలకత్తాకు పంపింది. 1792 జూన్‌లో అది బియ్యం, గోధుమరవ్వ, పప్పు మోసుకుని తిరిగొచ్చింది. పప్పన్నం తినడం ఎన్నడూ ఎరగని లండన్ దొంగలూ ఐరిష్ రైతులూ ఆ ఏడు బెంగాల్ బియ్యంతో ప్రాణం నిలుపుకున్నారు. టూంగాబీలో పార పట్టినవాళ్లు కూడా ఆ రేషన్ మీదే బతికారు. ఇవాళ పెండిల్ హిల్ కొట్లలో కందిపప్పు బస్తాలు దించేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుంటుంది.

2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్లు ఆస్ట్రేలియా మొత్తం మీద సుమారు 59 వేలు. అంతకు ముందు 2016లో 34 వేల పైచిలుకు. అందులో పడమటి సిడ్నీ వాటా పెద్దది. గిరావీన్ హైస్కూలు ప్రవేశపరీక్ష కోసం, రైలు దగ్గరని, గుడి దగ్గరని టూంగాబీ, గిరావీన్, పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్‌లలో చేరిన కుటుంబాలు ఈ ఊరి అతి కొత్త పొర. ఊరి రూపు మార్చడంలో వీళ్ల చెయ్యి చిన్నదేమీ కాదు. ఆస్బెస్టాస్ వాడకం 2003 చివర్లో దేశమంతటా నిషేధమైంది. ఫైబ్రో ఇల్లు కొన్నవాళ్లు దాన్ని జాగ్రత్తగా విప్పించి, అదే స్థలంలో రెండు వాటాల ఇల్లో, వెనకదొడ్లో అద్దెకిచ్చే గ్రానీ ఫ్లాటో కట్టుకుంటున్నారు. ఆరోగ్యానికి అది మంచిదే, తప్పుపట్టలేం. అయితే కూల్చేముందు ఆ ఇంటికి ఒక ఫొటో తీసి ఏడాది రాసి పెట్టేవాళ్లు ఎంతమంది? 1803లో టూంగాబీ గుడిసెలు కూలినప్పుడు బొమ్మ గీయడానికి చేతిలో కాగితం ఉన్నవాళ్లు బహుకొద్దిమంది. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది, ఆ సాకు మనకు చెల్లదు.

ఈ వరస భాగాలు చదువుతున్న టూంగాబీ తెలుగువాళ్లకు ఒక మనవి. మీ వీధి కైఫియతు మీరే మొదలుపెట్టండి. మీరు ఏ ఏడు ఏ ఇంటికి వచ్చారో, అప్పుడు పక్కింట్లో ఎవరి భాష వినబడేదో, స్టేషన్ ఎదురుగా ఏయే కొట్లు ఉండేవో, వాటిలో ఏది ఎప్పుడు చేతులు మారిందో రాయండి. తేదీ తెలియకపోతే పక్కన గుర్తుండే సంగతి ఒకటి పెట్టండి: బస్సు మార్గం తెరవకముందా తర్వాతా, మిల్లు మూసిన ఏడా, కోవిడ్ లాక్‌డౌన్ అప్పుడా. పొరుగున 80 ఏళ్ల ఆస్ట్రేలియన్ ఉంటే వాళ్ల మాటను వాళ్ల అనుమతితో రికార్డు చేయండి, మీ మాట పక్కన దాన్ని ఉంచండి. పాత ఇల్లు పడగొట్టేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, వెనక వీధి పేరు, నంబరు, నెల, ఏడాది రాయండి. తెలుగులో రాసినా ఫరవాలేదు, ఒక పేజీ ఇంగ్లిషు సారాంశం జత చేస్తే చాలు. టూంగాబీ మూడు పురపాలక సంఘాల మధ్య పంచుకుని ఉంది: పారమట్టా, బ్లాక్‌టౌన్, కంబర్లాండ్. మీ ఇల్లు ఏ వైపు పడిందో చూసుకుని ఆ సంఘం గ్రంథాలయంలో స్థానిక చరిత్ర విభాగానికి ఒక ప్రతి ఇచ్చి రండి.